సోమవారం ఆర్డర్, మంగళవారం గన్నవరంలో టీకాలు: ఉత్పత్తి పెరిగిన ఘనత ఎవరి పద్దులో రాయాలి?

2021 జనవరి 11, సోమవారం. కేంద్ర ప్రభుత్వం పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్‌కు 1.1 కోట్ల కోవిషీల్డ్ డోసులకు ఆర్డర్ పెట్టింది. డోసు 200 రూపాయలు, జీఎస్టీ కలిపితే 210. మర్నాడే పుణె నుంచి విమానం గన్నవరంలో దిగింది. రాష్ట్ర వాటాగా వచ్చిన 4.77 లక్షల డోసులు అక్కడి రాష్ట్ర వ్యాక్సిన్ నిల్వ కేంద్రానికి చేరాయి. మరో 20 వేల కోవాగ్జిన్ డోసులు వేరుగా వచ్చాయి. ఆ శనివారం, 16వ తేదీన, బెజవాడ పెద్దాసుపత్రిలో మొదటి సూది పడింది.

ఈరోజు చెబితే రేపు కట్టి ఇవ్వడానికి ఇది బందరు లడ్డూ కాదు. కణాలు పెంచడం దగ్గర మొదలుపెట్టి, వైరస్ ఎక్కించి, శుద్ధి చేసి, వయల్లో నింపి, పరీక్షలు దాటించి బయటికి పంపడానికి నెలలు పడుతుంది. సోమవారం ఆర్డరిచ్చిన సరుకు మంగళవారం దిగిందంటే, అది ఆర్డర్ రాకముందే, అసలు అనుమతే రాకముందే తయారై కోల్డ్ రూముల్లో ఎదురుచూస్తోందన్న మాట. అత్యవసర అనుమతి వచ్చింది జనవరి 3న. అప్పటికే సీరం దగ్గర నాలుగైదు కోట్ల డోసుల నిల్వ ఉంది.

టీకాల ఉత్పత్తి పెరిగిన ఘనత ప్రభుత్వానిదా, ప్రైవేటు కంపెనీలదా అన్న వాదన నాలుగేళ్లు దాటినా తెగలేదు. ఒకరు సర్టిఫికెట్ మీద ఫొటో చూపిస్తారు, ఇంకొకరు ఫ్యాక్టరీ గేటు చూపిస్తారు. రెండు పక్షాలూ తేదీలు చెప్పవు. తేదీలు పక్కపక్కన పెడితే వాదనలో సగం అక్కడే తేలిపోతుంది. ఒక డోసు చేతికి ఎక్కిన రోజున ఎవరు ఏం ప్రకటించారన్నది దాని పుట్టుకకు సంబంధించిన విషయం కాదు. మూడు నాలుగు నెలల ముందు, ఆ టీకా పనిచేస్తుందో లేదో తెలియని రోజుల్లో, ఎవరి డబ్బు పణంగా ఉందన్నది చూడాలి.

మూడు అంకెలు, ఒకే పేరు

ముందు ఒక చిక్కు విప్పాలి. "ఉత్పత్తి" అన్న మాట కింద మూడు వేర్వేరు అంకెలు చలామణి అవుతుంటాయి.

ఒకటి సామర్థ్యం. ప్లాంటు పూర్తిస్థాయిలో, ఏ బ్యాచీ చెడకుండా నడిస్తే నెలకు ఎన్ని డోసులు రావచ్చు అన్న లెక్క. కంపెనీలకు ఇష్టమైన అంకె ఇది. రెండోది పరీక్షలు దాటి విడుదలైన డోసులు. నిజమైన ఉత్పత్తి ఇదే, పత్రికల్లో అరుదుగా కనపడేదీ ఇదే. మూడోది జనానికి వేసిన డోసులు. ఇది ప్రభుత్వాలకు ఇష్టమైన అంకె.

2021 జూన్ 20న ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కరోజులో 13 లక్షలకు పైగా డోసులు వేశారు. దేశంలో అప్పటికి ఏ రాష్ట్రమూ ఒక్కరోజులో అన్ని వేయలేదు. అది ఉత్పత్తి ఘనత అనుకుంటే పొరపాటు. ఆ నెల దేశం మొత్తానికి అందుబాటులో ఉంటాయని కేంద్రం చెప్పినవి దాదాపు 12 కోట్ల డోసులు, అంటే రోజుకు 40 లక్షలు. దేశ జనాభాలో మన వాటా నాలుగు శాతం లోపు. ఆ లెక్కన రోజుకు లక్షన్నర. 13 లక్షలంటే ఎనిమిది తొమ్మిది రోజుల వాటా ఒక్కరోజులో ఖర్చుపెట్టడం. సచివాలయం, వాలంటీరు, ఏఎన్ఎం, ఆశా కార్యకర్త వరసగా నిలబడితేనే సాధ్యమయ్యే పని అది. పంపిణీ యంత్రాంగం గొప్పతనం దాంట్లో నిజంగానే ఉంది. కానీ ఆ రోజు దేశంలో ఒక్క డోసు కూడా దానివల్ల అదనంగా తయారుకాలేదు.

సామర్థ్యం అంకె ఎంత జారుడుదో చూడాలంటే ఒక్క ఉదాహరణ చాలు. 2021 మే 13న నీతి ఆయోగ్ సభ్యుడు వి.కె. పాల్ ఆగస్టు నుంచి డిసెంబరు దాకా 216 కోట్ల డోసులు వస్తాయని చెప్పారు. కోవిషీల్డ్ 75 కోట్లు, కోవాగ్జిన్ 55 కోట్లు, బయోలాజికల్-ఇ 30 కోట్లు, ఇలా ఎనిమిది టీకాల జాబితా. ఆరు వారాలు తిరగకుండా సుప్రీంకోర్టుకిచ్చిన అఫిడవిట్‌లో అదే ఐదు నెలలకు అంకె 135 కోట్లయింది. చివరికి ఆ ఐదు నెలల్లో దేశంలో వేసినవి సుమారు 98 కోట్లు. 216 చెప్పినవాళ్లు అబద్ధమాడారని అనక్కర్లేదు. ప్రతి కంపెనీ ఏ అడ్డంకీ రాకపోతే అని చెప్పిన అంకెను యథాతథంగా కూడేశారు. టీకాల తయారీలో అడ్డంకి రాని నెల ఉండదు.

ప్లాంటులో ఏం జరుగుతుంది, ఎక్కడ చెడుతుంది

కోవిషీల్డ్‌లో ఉన్నది చింపాంజీల్లో జలుబు తెచ్చే అడినోవైరస్. మనిషిలో పెరగకుండా దాన్ని మార్చి, కరోనా స్పైక్ జన్యువు తగిలించారు. దాన్ని హెచ్‌ఈకే-293 అనే కణాల్లో పెంచుతారు. చిన్న ఫ్లాస్కులో మొదలైన కణాలను వారాల తరబడి పెద్ద పాత్రల్లోకి మారుస్తూ వేల లీటర్ల బయోరియాక్టరు దాకా తీసుకెళ్లాలి. ఆ తర్వాత వైరస్ ఎక్కించి, కొద్దిరోజులకు కణాలను పగలగొట్టి, ఎంజైముతో కణాల డీఎన్ఏను కరిగించి, వడపోసి, క్రొమటోగ్రఫీతో శుద్ధి చేస్తారు. ఒక్కో డోసులో 5,000 కోట్ల వైరస్ కణాలుండాలి. డోసు అర మిల్లీలీటరు. నెలకు పది కోట్ల డోసులంటే 50 వేల లీటర్ల తుది ద్రావణం, పది డోసుల వయల్స్ కోటి.

ఇక్కడ తరచూ దెబ్బతినేది దిగుబడి. ఒక ప్లాంటులో లీటరుకు వచ్చినన్ని డోసులు ఇంకో ప్లాంటులో రావు. విత్తనం ఒకటే అయినా తెనాలి పొలంలో పండినట్టు పల్నాడు పొలంలో పండనట్టే. ఇదే టీకాను యూరప్‌కు తయారుచేసిన బెల్జియం ప్లాంటులో దిగుబడి పడిపోయి, 2021 మొదటి మూడు నెలల సరఫరాను ఆస్ట్రాజెనెకా భారీగా తగ్గించుకోవాల్సి వచ్చింది. యూరోపియన్ యూనియన్ దగ్గర డబ్బుకు కొదవ లేదు, ఒప్పందమూ ఉంది. కణాలకు ఆ సంగతి తెలియదు కదా.

కోవాగ్జిన్ దారి వేరు. దాంట్లో అసలు కరోనా వైరస్‌నే పెంచి చంపుతారు. కోతి మూత్రపిండం నుంచి వచ్చిన వీరో కణాల్లో వైరస్‌ను పెంచడం, బీటా ప్రొపియోలాక్టోన్ అనే రసాయనంతో నిర్వీర్యం చేయడం, ఒక్క బతికిన వైరస్ కూడా మిగల్లేదని తేల్చుకోవడం, ఆపైన డోసుకు 6 మైక్రోగ్రాముల చొప్పున అడ్జువెంట్‌తో, అంటే రోగనిరోధక స్పందనను పెంచే పదార్థంతో, కలపడం. బతికున్న వైరస్‌తో పని కాబట్టి ఇదంతా బీఎస్ఎల్-3 భద్రత ఉన్న ప్లాంటులోనే చేయాలి. గాలి లోపలికే పోవాలి, బయటికొచ్చే గాలి హెపా ఫిల్టర్లు దాటాలి, ప్రతి చుక్క వ్యర్థాన్నీ క్రిమిరహితం చేశాకే వదలాలి. ఒక బ్యాచ్ మొదలై, పరీక్షలు దాటి విడుదలవడానికి దాదాపు 120 రోజులు పడుతుందని దాన్ని తయారుచేసే భారత్ బయోటెక్ 2021 మే నెలలో చెప్పింది. మార్చిలో మొదలుపెట్టినది జూన్‌లో గానీ రాదు.

అదే మే నెలలో అప్పటి ముఖ్యమంత్రి జగన్ ప్రధానికి లేఖ రాశారు. కోవాగ్జిన్ పరిజ్ఞానాన్ని ఇతర కంపెనీలకూ ఇప్పించి ఉత్పత్తి పెంచమని అడిగారు. కోరిక న్యాయమైనదే. అయితే కాగితం మీద ఫార్ములా చేతికిస్తే సరిపోదు. ఆ కాగితం అందుకునే చోట బీఎస్ఎల్-3 ప్లాంటు ఉండాలి, ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. భారత్ బయోటెక్ సొంత బెంగళూరు ప్లాంటులోనే తొలి బ్యాచ్‌లు నాణ్యత పరీక్షలో నిలవలేదు. సొంత మనుషులు, సొంత ఫార్ములా ఉన్నచోటే అలా జరిగితే కొత్తగా నేర్చుకునేవాళ్ల సంగతి ఊహించుకోవచ్చు.

నింపిన వయల్స్‌లో మచ్చుకు కొన్నింటిని తీసి సూక్ష్మజీవులు లేవని తేల్చే స్టెరిలిటీ పరీక్షకు 14 రోజులు పడుతుంది. ఎంత డబ్బు పెట్టినా అది 13 అవదు. కంపెనీ పరీక్షలు అయ్యాక హిమాచల్‌ప్రదేశ్‌లోని కసౌలి కేంద్ర ఔషధ ప్రయోగశాల ప్రతి బ్యాచీకి పచ్చజెండా ఊపాలి. దేశమంతటి బ్యాచ్‌లూ ఆ ఒక్క కొండ ఊరి మీద ఆధారపడటం ఇరుకు దారి అని గ్రహించి, 2021 జూన్ ఆఖర్లో పుణెలోని కణ విజ్ఞాన సంస్థ ఎన్‌సీసీఎస్‌ను, ఆగస్టులో హైదరాబాద్‌లోని పశు బయోటెక్నాలజీ సంస్థ ఎన్ఐఏబీని కూడా పరీక్షా కేంద్రాలుగా నోటిఫై చేశారు. ఒక్కోటి నెలకు 60 బ్యాచ్‌లు చూడగలదన్నది లెక్క. ప్రభుత్వం చేసిన పనుల్లో ఎవరూ పెద్దగా చెప్పుకోనిది ఇదే. నా లెక్కలో దీనికి మంచి మార్కులు వేయాలి. ఆరు నెలల ముందు చేసి ఉంటే ఇంకా మంచి మార్కులు.

సర్కారు సొమ్ము మూడు రకాలు

"ప్రభుత్వం 4,500 కోట్లు ఇచ్చింది" అని ఒకరు, "ఒక్క పైసా గ్రాంటు ఇవ్వలేదు" అని ఇంకొకరు అంటే ఇద్దరూ నిజమే చెబుతుండొచ్చు. గ్రాంటు, అడ్వాన్సు, ఆర్డర్ మూడూ ఒకటి కావు.

గ్రాంటు అంటే ప్లాంటు కట్టడానికో పరిశోధనకో ఇచ్చి తిరిగి అడగని సొమ్ము. 900 కోట్ల మిషన్ కోవిడ్ సురక్ష కింద 2021 ఏప్రిల్‌లో భారత్ బయోటెక్ బెంగళూరు యూనిట్‌కు 65 కోట్లు, ముంబయిలోని హాఫ్‌కిన్‌కు 65, హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్‌కు 60, బులంద్‌షహర్‌లోని బిబ్‌కాల్‌కు 30 కోట్లు ప్రకటించారు. ఈ విస్తరణతో కోవాగ్జిన్ ఏప్రిల్‌లో ఉన్న నెలకు కోటి డోసుల నుంచి సెప్టెంబరుకు దాదాపు పది కోట్లకు చేరుతుందన్నారు. ఏమైంది? దేశంలో వంద కోట్ల డోసులు పూర్తయిన 2021 అక్టోబరు 21 నాటికి వాటిలో కోవాగ్జిన్ వాటా పది పన్నెండు శాతం. తొమ్మిది నెలల్లో వచ్చినదంతా కలిపితే, సెప్టెంబరు ఒక్క నెలలో వస్తుందన్న దానికి కాస్త అటూ ఇటూ. నాలుగింట్లో పశువుల టీకాల్లో ఆరితేరిన ఇండియన్ ఇమ్యునలాజికల్స్ ఆ ఏడాది రెండో సగంలో కోవాగ్జిన్ ముడి ఔషధం తయారుచేసి అందించగలిగింది. హాఫ్‌కిన్, బిబ్‌కాల్ ఆ ఏడాది అవసరానికి అందలేదు.

అడ్వాన్సు అంటే కొనబోయే సరుకు ధరను ముందే చెల్లించడం. 2021 ఏప్రిల్ 28న సీరంకు 1,732.50 కోట్లు, భారత్ బయోటెక్‌కు 787.50 కోట్లు విడుదలయ్యాయి. డోసుకు 150, ఐదు శాతం జీఎస్టీతో 157.50 చొప్పున గుణిస్తే సరిగ్గా 11 కోట్ల కోవిషీల్డ్, 5 కోట్ల కోవాగ్జిన్ ధర వస్తుంది. మే, జూన్, జులై నెలల సరుకు కోసం ఇచ్చిన సొమ్మిది. ప్లాంటు కట్టుకోమని ఇచ్చింది కాదు. అప్పటికి రెండో వేవ్ ఉచ్చస్థితిలో ఉంది. నారు పోసే రోజుల్లో కట్టేసిన కాలువకు కంకి దశలో నీళ్లొదిలినట్టయింది. ఆ ఏడాది బడ్జెట్‌లో టీకాలకు 35,000 కోట్లు ఫిబ్రవరి ఒకటినే కేటాయించారు. డబ్బు లేక ఆగింది కాదు.

మరి ఎందుకు ఆగింది? ఢిల్లీ ఆఫీసుల్లో ఫైలు నడిచే తీరు తెలిసినవాళ్లకు సమాధానం తెలుసు. సాధారణ ఆర్థిక నిబంధనలు-2017లో 172వ నిబంధన ప్రకారం ప్రైవేటు సంస్థకు అడ్వాన్సు మామూలుగా 30 శాతం దాటకూడదు, దానికీ బ్యాంకు గ్యారంటీ ఉండాలి. అనుమతి కూడా రాని టీకాకు వందల కోట్లు ముందే కట్టి, అది విఫలమైతే రేపు కాగ్ అడిగే ప్రశ్నకు సంతకం పెట్టిన అధికారే జవాబు చెప్పుకోవాలి. ఏప్రిల్‌లో నూటికి నూరు శాతం అడ్వాన్సు కోసం ఆర్థిక శాఖ ఆ నిబంధనను సడలించింది. శ్మశానాల దగ్గర బారులు చూశాక దొరికిన సడలింపు అది. 2020 ఆగస్టులోనే దొరికి ఉండాల్సింది.

ఆర్డర్ అంటే ఇంత కొంటామన్న మాట. 2020లో భారత ప్రభుత్వం ఆ మాట ఇవ్వలేదు. జనవరిలో కోవిషీల్డ్, కోవాగ్జిన్ కలిపి 1.65 కోట్ల డోసులు, మార్చి 12న మరో 12 కోట్లు. 90 కోట్ల పైచిలుకు వయోజనులున్న దేశానికి ఇవి ఏమూలకూ చాలవు. పెద్ద ఆర్డర్ చేతిలో లేకుండా ఏ కంపెనీ కొత్త లైను వేస్తుంది?

మరి ప్రైవేటు వాళ్లది ఎంత

2020లో సీరం చేసిన పందెం నిజమైనదే. సొంత డబ్బుతో పాటు గేట్స్ ఫౌండేషన్ గావి అనే అంతర్జాతీయ టీకాల కూటమి ద్వారా రెండు విడతల్లో 30 కోట్ల డాలర్లు సమకూర్చింది. పేద దేశాలకు డోసు మూడు డాలర్లు మించకుండా 20 కోట్ల డోసులు ఇవ్వాలన్నది షరతు. టీకా విఫలమైతే ఆ నిల్వంతా కాలువ పాలే. ఆ జూదం వల్లే జనవరి 12న గన్నవరంలో పెట్టెలు దిగాయి. ఆ తర్వాత సీరం నెలకు ఆరేడు కోట్ల నుంచి జులైకి 11, 12 కోట్లకు, ఏడాది ఆఖరుకి ఇరవై కోట్లు దాటేదాకా పెంచింది. దేశంలో వేసిన 220 కోట్ల డోసుల్లో ఐదింట నాలుగు వంతులు కోవిషీల్డే. ఈ ఒక్క సంగతి చాలు, ప్రైవేటు పాత్రను తీసిపారేసేవాళ్ల నోరు మూయించడానికి.

కానీ ఆ ఫ్యాక్టరీ ఎలా వచ్చింది? 1966లో మొదలైన సీరం ప్రపంచంలోనే అత్యధిక డోసులు తయారుచేసే కంపెనీగా ఎదిగింది తట్టు, డీపీటీ లాంటి పిల్లల టీకాలతో. వాటిని కొన్నది యూనిసెఫ్, గావి, రకరకాల ప్రభుత్వాలు. అంటే ఆ ప్రైవేటు సామర్థ్యాన్ని దశాబ్దాల పాటు పోషించింది ప్రజల సొమ్ముతో జరిగిన కొనుగోళ్లే. ఇక టీకా వెనకున్న విజ్ఞానం ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానిది. ఆ పరిశోధనకు దొరికిన నిధుల్లో 97 శాతానికి పైగా ప్రభుత్వాలు, ధర్మసంస్థలు ఇచ్చినవే.

కోవాగ్జిన్‌లో పద్దులు ఇంకా కలగాపులగం. వైరస్‌ను వేరుచేసి ఇచ్చింది పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ. మూడో దశ పరీక్షలకు కేంద్ర ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 35 కోట్లు పెట్టింది, 25,800 మంది మీద 25 చోట్ల జరిగాయి. అడ్జువెంట్‌లోని కీలక అణువు అమెరికాలోని కాన్సస్ కంపెనీది, దానికి అక్కడి ప్రభుత్వ నిధులున్నాయి. ఆ అణువును ఇక్కడ పెద్దమొత్తంలో తయారుచేసే పద్ధతి కుదిర్చింది హైదరాబాద్‌లోని ప్రభుత్వ రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ. ప్లాంటు, మనుషులు, నష్టభయం భారత్ బయోటెక్‌వి. ఐసీఎంఆర్‌కు నికర అమ్మకాల మీద ఐదు శాతం రాయల్టీ రాసుకున్నారు. 2022 జనవరి ఆఖరుకి 171.78 కోట్లు వచ్చిందని పార్లమెంటుకు చెప్పారు. పెట్టిన 35 కోట్లకు దాదాపు ఐదు రెట్లు! ప్రభుత్వ వాటాకు లెక్కతో సహా ప్రతిఫలం దక్కిన అరుదైన ఒప్పందమిది. ఘనత గురించి వాదించేవాళ్లు ఎందుకో దీన్ని ప్రస్తావించరు.

ఈ పొత్తు కొత్తదేమీ కాదు. రోటావైరస్ టీకా రోటావ్యాక్‌కు మూలమైన వైరస్ ఢిల్లీ ఎయిమ్స్‌లో 1980ల్లో దొరికింది. బయోటెక్నాలజీ విభాగం, అమెరికా సంస్థలు, గేట్స్ ఫౌండేషన్ కలిసి మోస్తే భారత్ బయోటెక్ డోసు ఒక డాలరుకు తయారుచేసింది. 2016లో సార్వత్రిక టీకా కార్యక్రమంలో దాన్ని మొదట వేసిన నాలుగు రాష్ట్రాల్లో మనదొకటి. అందరూ తొందరపడకుండా ముప్పై ఏళ్లు పనిచేశారు కాబట్టి అక్కడ క్రెడిట్ గొడవ రాలేదు.

డబ్బు ముందే ఇచ్చినా సరుకు రాని కథ కూడా మన పక్కనే ఉంది. 2021 జూన్ 3న హైదరాబాద్ కంపెనీ బయోలాజికల్-ఇకి 30 కోట్ల డోసుల కోసం 1,500 కోట్ల అడ్వాన్సు ఖరారైంది. అంతకుముందు పరిశోధనకు వంద కోట్లకు పైగా గ్రాంటు. ఆగస్టు-డిసెంబరు మధ్య రావాల్సిన కార్బెవ్యాక్స్‌కు అనుమతే డిసెంబరు 28న వచ్చింది. 2022 మార్చి 16 నుంచి 12-14 ఏళ్ల పిల్లలకు వేశారు. ఎవరి తప్పూ కాదు, పరీక్షలు జరగాల్సిన వేగంతోనే జరిగాయి. ఆర్డర్, అడ్వాన్సు, గ్రాంటు మూడూ ఉన్నా కాలాన్ని కొనలేమని అది చూపించింది.

అమెరికాలోనూ చిత్రం ఇంతే గజిబిజి. మోడెర్నా పరిశోధనకు, తొలి కొనుగోళ్లకు కలిపి దాదాపు 250 కోట్ల డాలర్లు అక్కడి ప్రభుత్వానివే. ఫైజర్ పరిశోధనకు వాషింగ్టన్ సొమ్ము తీసుకోలేదు గానీ 2020 జులైలోనే 195 కోట్ల డాలర్ల ఆర్డర్ చేతిలో ఉంది, భాగస్వామి బయోఎన్‌టెక్‌కు జర్మనీ 37.5 కోట్ల యూరోలిచ్చింది. ప్రభుత్వం ఏళ్ల తరబడి పోషించి సిద్ధంగా ఉంచుకున్న బాల్టిమోర్ ప్లాంటులో రెండు టీకాల ముడిపదార్థాలు కలగలిసి 2021 మార్చిలో కోటిన్నర జాన్సన్ డోసులకు సరిపడా పదార్థం పాడైంది. ఇటు అక్కడి యుద్ధకాలపు చట్టంతో బయోరియాక్టరు సంచులు, ఫిల్టర్లు ముందు అమెరికా కంపెనీలకే పోవడంతో మన కంపెనీల ఉత్పత్తికి గండి పడింది. ఒక ప్రభుత్వం పెంచిన ఉత్పత్తి ఇంకో దేశంలో తగ్గిన ఉత్పత్తి కావచ్చు.

సర్కారీ ఫ్యాక్టరీలు ఏమయ్యాయి

ప్రభుత్వమే ఎందుకు తయారుచేయలేదన్న ప్రశ్నకు జవాబు 2008లో ఉంది. కసౌలి, కూనూరు, గిండీల్లోని మూడు ప్రభుత్వ టీకా సంస్థల లైసెన్సులను నాణ్యతా ప్రమాణాలు పాటించడం లేదని ఆ జనవరిలో సస్పెండ్ చేశారు. రెండేళ్ల తర్వాత ఎత్తేసినా అప్పటికే మార్కెట్టూ మనుషులూ చేజారారు. ప్రమాణాల లోపం నిజమే, వాటిని బాగుచేయకుండా మూసేయడం మాత్రం విధాన నిర్ణయం. చెంగల్పట్టులో వంద ఎకరాల్లో 594 కోట్ల అంచనాతో 2012లో ఆమోదం పొందిన టీకాల సముదాయం కట్టడం దాకా వచ్చి, 2021లో లీజుకిస్తామన్నా బిడ్డు వేసే నాథుడు లేక ఖాళీగా నిలబడింది. అది నడుస్తూ ఉండుంటే రెండో వేవ్ ఆగేది అనడం అతిశయోక్తి. పిల్లల టీకాల భారం కొంత మోసి ప్రైవేటు లైన్లు ఖాళీ చేసేది అనడం మాత్రం సబబు.

ధర, రాష్ట్రాలు, పదకొండో డోసు

మే 1 నుంచి సగం సరుకు రాష్ట్రాలూ ప్రైవేటు ఆసుపత్రులూ కొనుక్కోవాలన్నారు. కోవిషీల్డ్ రాష్ట్రాలకు 400, విమర్శలొచ్చాక 300. కోవాగ్జిన్ 600, తర్వాత 400. ఆంధ్రప్రదేశ్ కోటి డోసులకు గ్లోబల్ టెండరు పిలిస్తే ఒక్క కంపెనీ కూడా రాలేదు. ఫైజర్, మోడెర్నాలు కేంద్రంతో తప్ప మాట్లాడబోమన్నాయి, వాటి సరుకు ముందు ఏడాదే అమ్ముడుపోయింది. రాష్ట్రాలు పోటీపడి ధర పెంచితే ఉత్పత్తి పెరుగుతుందన్న ఆలోచన ఉల్లిపాయల మార్కెట్లో పనిచేస్తుందేమో, 120 రోజుల ముందే పరిమాణం నిర్ణయమైపోయిన సరుకులో పనిచేయదు. జూన్ 21 నుంచి 75 శాతం కేంద్రమే కొని ఉచితంగా ఇచ్చింది. మిగిలిన 25 శాతం ప్రైవేటు వాటా ఆసుపత్రుల్లో మిగిలిపోతోందని, దాన్ని కూడా తమకే ఇమ్మని మన రాష్ట్రం అడిగింది.

150 రూపాయల ధర గురించి ఒక మాట. ఆ ధరలో లాభం ఉంది గానీ విస్తరణకు పెట్టేంత లేదని సీరం అధిపతి అదర్ పూనావాలా అప్పట్లోనే అన్నారు. ఒక్కడే కొనేవాడున్న బజారులో ధర తగ్గించడం తేలిక. తగ్గించినవాడు విస్తరణ ఖర్చు తనే భరించాలి. కేంద్రం మొదటిది చేసింది, రెండోది ఆలస్యం చేసింది.

ఫ్యాక్టరీతో పనిలేకుండా పెరిగిన ఉత్పత్తి కూడా కొంత ఉంది. పది డోసుల వయల్‌లో నింపేటప్పుడు కాస్త అదనం పోస్తారు. చేయి తిరిగిన ఏఎన్ఎం అయితే, సిరంజిలో గాలి బుడగ లేకుండా సరిగ్గా అర మిల్లీలీటరు చొప్పున లాగి, పదకొండో డోసు తీస్తుంది. తెరిచిన కోవిషీల్డ్ వయల్ నాలుగు గంటల్లో అయిపోవాలి. పదిమంది రాకముందే తెరిస్తే అడుగున మిగిలింది పారబోయడమే. ఒకచోట పదకొండు, ఇంకోచోట ఎనిమిది. ఈ తేడా దేశమంతా కలిపితే ఒక మంచి ప్లాంటు నెల ఉత్పత్తి అంత ఉంటుంది.

నిల్వ సంగతీ అంతే. గుంటూరు వాళ్లకు కోల్డ్ స్టోరేజీ అంటే మిర్చి బస్తాలు గుర్తొస్తాయి. అక్కడ ఒక డిగ్రీ అటూ ఇటూ అయితే కొంపేం మునగదు. టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. ఎండ కన్నా గడ్డకట్టడం వల్ల ఎక్కువ మోసం జరుగుతుంది, ఎందుకంటే అల్యూమినియం అడ్జువెంట్ ఉన్న కోవాగ్జిన్ ఒక్కసారి గడ్డకడితే కరిగాక చూడ్డానికి బాగానే ఉన్నా పనిచేయదు. అందుకే ఫ్రీజరు నుంచి తీసిన ఐస్ ప్యాకును వెంటనే క్యారియర్లో పెట్టకూడదు. చెమట పట్టి, ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు వచ్చాకే పెట్టాలి. గన్నవరం నుంచి గుంటూరు మీదుగా చివరి పీహెచ్‌సీ దాకా ఈ గొలుసు పిల్లల టీకాల కోసం ప్రభుత్వం దశాబ్దాలుగా కట్టుకున్నది. 2020 డిసెంబరు 28, 29 తేదీల్లో, దేశంలో ఇంకా ఏ టీకాకూ అనుమతి లేనప్పుడే, కృష్ణా జిల్లాలో దాన్ని డ్రై రన్‌గా నడిపి చూశారు. ప్రైవేటు రంగం దగ్గర దీనికి సాటి వచ్చేదేదీ లేదు.

ఆఖరు పద్దు 2021 డిసెంబరుది. కొత్త ఆర్డర్లు లేవని సీరం ఉత్పత్తిని సగానికి తగ్గించుకుంటున్నట్టు చెప్పింది, 31వ తేదీతో కోవిషీల్డ్ తయారీ ఆపేసింది. 2022 ఏప్రిల్‌లోనూ 20 కోట్ల డోసులు గోదాముల్లో ఉన్నాయి. భారత్ బయోటెక్ 2022 ఏప్రిల్‌లో వేగం తగ్గించింది. తనిఖీలో బయటపడ్డ లోపాలు సరిదిద్దేదాకా ఐరాస సంస్థల ద్వారా కోవాగ్జిన్ సరఫరాను ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే నెల నిలిపివేసింది. ఆ అక్టోబరులో పూనావాలా తమ నిల్వలో సుమారు పది కోట్ల డోసులకు గడువు తీరిపోయిందని చెప్పారు. 2020లో ఆర్డర్ లేకుండా తయారైన డోసులు మర్నాడే విమానమెక్కాయి. ఆర్డర్ లేకుండా మిగిలిన ఈ డోసులు ఫ్యాక్టరీ గేటు దాటలేదు.